ఉద్యోగం మానకుండా ఆన్‌లైన్‌లో బీఎస్సీ నర్సింగ్: ఏజెంట్ చెప్పేది నమ్మొచ్చా?

రాజోలు స్టాఫ్‌నర్స్ (ప్రశ్న)

అందరికీ నమస్కారమండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఇంటర్ తర్వాత జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేశాను, ఏపీ నర్సింగ్ కౌన్సిల్లో నర్సుగా, మిడ్‌వైఫ్‌గా ఆర్ఎన్, ఆర్ఎం రిజిస్ట్రేషన్ ఉంది, ఇప్పుడు చించినాడ వంతెన దాటి పాలకొల్లు వైపు ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో చేస్తున్నాను. పని మీద ఏ దిగులూ లేదు. కానీ ఇన్‌ఛార్జి పోస్టు ఖాళీ అయినప్పుడల్లా బీఎస్సీ ఉన్నవాళ్లకే ఇస్తున్నారు, నా దగ్గర వెంటిలేటర్ పని నేర్చుకున్న పిల్లలే ఇప్పుడు నాకు డ్యూటీలు వేస్తున్నారు. వాళ్ల మీద కోపం లేదండి, మంచి పిల్లలు. డిగ్రీ లేకపోవడమే నాకు అడ్డమైపోయింది.

ఉద్యోగం మానేసి కాలేజీలో కూర్చునే పరిస్థితి లేదు. పాప ఒకటో తరగతి. మా ఆయనది రొయ్యల చెరువుల మీద పని, ఒక పంట కలిసొస్తే ఇంకో పంట తినేస్తుందని ఇక్కడివాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అత్తయ్యగారు పాపని చూసుకుంటున్నారు కాబట్టే నైట్ డ్యూటీలు చేయగలుగుతున్నాను.

ఈమధ్య ఒక ఏజెంట్ మా స్టాఫ్ అందరినీ కలిశాడు. వేరే రాష్ట్రంలో ఒక యూనివర్సిటీ అట, ఆన్‌లైన్‌లో పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ (జీఎన్‌ఎం అయినవాళ్లు పైన చేసే డిగ్రీ) ఇప్పిస్తానంటున్నాడు. క్లాసులకి వెళ్లక్కర్లేదు, పరీక్షలు ఇంటి నుంచే, క్లినికల్స్ (ఆసుపత్రిలో చేయాల్సిన ప్రాక్టికల్స్) సంగతి అడిగితే "మీరు రోజూ ఆసుపత్రిలోనే ఉంటున్నారు కదా మేడం, అదే చూపిస్తాం" అన్నాడు. యూజీసీ (యూనివర్సిటీలని గుర్తించే కేంద్ర సంస్థ) గుర్తింపు కాగితం, న్యాక్ (విద్యాసంస్థల నాణ్యత చూసే సంస్థ) ఏ గ్రేడ్ కాగితం రెండూ ఫోన్లో చూపించాడు. సగం ఫీజు ముందే కట్టాలి, ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా ఇవ్వాలి అంటున్నాడు. మాలో కొంతమంది ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. మస్కట్‌లో ఉన్న మా వదిన కూడా డిగ్రీ ఉంటే అక్కడికి రావొచ్చు అంటోంది.

ఇది నిజంగా చెల్లుతుందా? చెల్లకపోతే నాలాంటివాళ్లకి దారి ఏమైనా ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

కాకినాడ ట్యూటరక్క

చెల్లెమ్మా, ముందు ఆ ఏజెంటుకి అడ్వాన్సు ఇవ్వకు. ఒరిజినల్స్ అసలే ఇవ్వకు. సిద్ధంగా ఉన్న మీవాళ్లకి కూడా ఈరోజే చెప్పు. మిగతాది నిదానంగా చదువు.

మన దేశంలో నర్సింగ్ డిగ్రీని పూర్తిగా ఆన్‌లైన్‌లో ఇచ్చే అనుమతి ఏ యూనివర్సిటీకీ లేదు. దూరవిద్యకీ, ఆన్‌లైన్ కోర్సులకీ కలిపి యూజీసీ 2020లో నిబంధనలు తెచ్చింది. ఆ పద్ధతుల్లో నడపకూడని కోర్సులని యూజీసీ ఒక జాబితా ఇస్తుంది, అందులో మెడికల్, డెంటల్, ఫార్మసీ, ఫిజియోథెరపీలతో పాటు నర్సింగ్ కూడా ఉంటుంది. యూజీసీ దూరవిద్య విభాగం వెబ్‌సైటులో ఏ యూనివర్సిటీకి ఏ ఏడాది ఏ కోర్సుకి అనుమతి ఉందో కోర్సుల వారీగా కనిపిస్తుంది, నువ్వే తీసి చూసుకోవచ్చు. ఆ యూనివర్సిటీ పేరు కొడితే ఎంబీఏ, బీకాం లాంటివి కనిపిస్తాయేమో, నర్సింగ్ మాత్రం కనిపించదు.

చాలామంది మోసపోయేది ఎక్కడంటే, అతను చూపించిన కాగితాలు దొంగవి కాకపోవచ్చు. ఆ యూనివర్సిటీకి యూజీసీ గుర్తింపు నిజంగానే ఉండొచ్చు, న్యాక్ గ్రేడూ నిజమే అయ్యుండొచ్చు. న్యాక్ గ్రేడ్ విద్యాసంస్థ మొత్తాన్ని చూసి ఇచ్చేది, అక్కడి నర్సింగ్ కోర్సు చదివినవాళ్లు నర్సుగా పనికొస్తారా లేదా అన్నది దాని పరిధి కాదు. ఆ మాట చెప్పాల్సింది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, ఆ పైన రాష్ట్ర కౌన్సిల్. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 1947 చట్టంతో వచ్చింది, దాని స్థానంలో నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ పెట్టడానికి 2023లో కొత్త చట్టం చేశారు, కాబట్టి రేపు ఎక్కడైనా కౌన్సిల్ బదులు కమిషన్ అని కనిపిస్తే కంగారు పడకు. పేరేదైనా నువ్వు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఈ కాలేజీలో, ఈ కోర్సు, ఈ పద్ధతిలో చదివితే విజయవాడలో మన కౌన్సిల్ దాన్ని అడిషనల్ క్వాలిఫికేషన్‌గా నమోదు చేస్తుందా? దానికి అవునని కౌన్సిల్ నుంచే రాతపూర్వకంగా వస్తే ఫీజు సంగతి ఆలోచించు. ఏజెంట్ నోటిమాట లెక్కలోకి రాదు. నమోదు కాని డిగ్రీతో ఇన్‌ఛార్జి పోస్టు కూడా రాదు, ఆసుపత్రివాళ్లు కౌన్సిల్ కాగితమే అడుగుతారు.

ఇంక ఆ క్లినికల్స్ మాట. నువ్వు ఐసీయూలో చేసేది ఉద్యోగం, దాన్ని తక్కువ చేసి చెప్పడం లేదు. కానీ పోస్ట్ బేసిక్‌లో కమ్యూనిటీ హెల్త్ ఉంది, మెంటల్ హెల్త్ ఉంది, ప్రసూతి, పిల్లల నర్సింగ్ ఉన్నాయి, వార్డు అడ్మినిస్ట్రేషన్, రీసెర్చ్ ఉన్నాయి. ఒక్క ఐసీయూ డ్యూటీ చూపించి ఇవన్నీ చేసినట్టు రాయడమంటే దొంగ రికార్డు రాయడమే, సంతకం పెట్టేది నువ్వు కాబట్టి రేపు తేలితే పట్టుబడేదీ నువ్వే. నేను పిల్లల్ని సైకియాట్రీ పోస్టింగుకి తీసుకెళ్తాను. మొదటి రోజు పేషెంటు దగ్గర నిలబడటానికే భయపడే పిల్ల, పోస్టింగు అయ్యేసరికి ఆ పేషెంటు పక్కన కూర్చుని అన్నం తినిపిస్తుంది. అది తెర మీద వీడియో చూస్తే రాదమ్మా. ఈ విషయంలో నాకు కోపం ఎక్కువ, ఎందుకంటే ఆ కాగితం పట్టుకుని వార్డులో అడుగుపెట్టేది మన ఇళ్లలోవాళ్ల మంచాల దగ్గరికే.

నీకు దారి లేకపోలేదు. పైన చెప్పిన జాబితాలో నర్సింగ్ ఉన్నా, ఉద్యోగంలో ఉన్న జీఎన్‌ఎంల కోసం ఇగ్నో చాలా ఏళ్లుగా పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ నడుపుతోంది, కానీ అది పూర్తి ఆన్‌లైన్ కాదు. జీఎన్‌ఎం, ఆర్ఎన్ ఆర్ఎం రిజిస్ట్రేషన్, ఆ రిజిస్ట్రేషన్ తర్వాత కనీసం రెండేళ్ల అనుభవం అడుగుతారు, ప్రవేశ పరీక్ష ఉంటుంది. కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్లలో పూర్తి చేయాలి. థియరీ ఇంటి దగ్గర చదువుకుంటావు, ప్రాక్టికల్ కాంటాక్ట్ క్లాసులకి మాత్రం స్టడీ సెంటరుకి వెళ్లి తీరాలి, అవి ఎగ్గొట్టి పాసయ్యే దారి లేదు. మీడియం ఇంగ్లిష్. సీట్లు తక్కువ, పోటీ బాగానే ఉంటుంది. దరఖాస్తు చేసే ఏడాది నోటిఫికేషన్, అందులో కౌన్సిల్ గుర్తింపు గురించి రాసిన పేరా, నీకు వచ్చే స్టడీ సెంటర్ ఏ ఊళ్లోనో, ఈ మూడూ చూసుకో. విజయవాడ రీజనల్ సెంటరుకి ఫోన్ చేసి అడిగినా చెబుతారు.

రెండోది రెగ్యులర్ పోస్ట్ బేసిక్, రెండేళ్లు. ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ కింద కాలేజీలున్నాయి. ఉద్యోగం పోతుంది, ఫీజు ఉంటుంది, కానీ రెండేళ్లలో అయిపోతుంది, తర్వాత ఎవరూ వేలెత్తి చూపించరు. "రెగ్యులర్‌గా పేరుంటుంది, రావక్కర్లేదు, అటెండెన్స్ మేం వేస్తాం" అనే కాలేజీలు కూడా తగుల్తాయి. ఆ బేరానికీ, ఆ ఏజెంట్ బేరానికీ తేడా లేదు.

మస్కట్‌లో ఉన్న నరసాపురం అమ్మాయి

ట్యూటర్ మేడం చెప్పినదానికి గల్ఫ్ సంగతి కలుపుతున్నానండి, మీ వదిన మాట వచ్చింది కాబట్టి.

ఇక్కడ లైసెన్సుకి రెండు గండాలు. ఒకటి ప్రొమెట్రిక్ పరీక్ష, అది చదివితే దాటొచ్చు, ఐసీయూలో చేసినవాళ్లకి మరీ కష్టం కాదు. రెండోది డేటాఫ్లో, అంటే సర్టిఫికెట్లు సరిచూసే సంస్థ. వాళ్లు మీ సర్టిఫికెట్‌ని మీ దగ్గర చూసి ఊరుకోరు, ఇచ్చినవాళ్లకే నేరుగా రాసి అడుగుతారు. డిగ్రీ గురించి యూనివర్సిటీని, రిజిస్ట్రేషన్ గురించి నర్సింగ్ కౌన్సిల్ని, అనుభవం గురించి ఆసుపత్రిని. కౌన్సిల్లో నమోదు కాని డిగ్రీ పెడితే అక్కడే ఆగిపోతుంది. అంతకన్నా పెద్ద నష్టం, ఒక్క కాగితం తేడా అని రిపోర్టు వస్తే కష్టపడి చదివిన జీఎన్‌ఎం, నిజంగా చేసిన అనుభవం కూడా అనుమానంలో పడతాయి. మా హాస్టల్లో ఒకమ్మాయికి అలాగే అయింది. పనిలో బంగారం, అయినా ఫైలు కదల్లేదు, వెనక్కి వెళ్లిపోయింది. ఆ పిల్ల ఏడుపు చూశాక ఈ విషయం ఎవరడిగినా పనిమానుకుని మరీ చెబుతున్నాను.

ఇంకోటి చెప్పాలి. మన పాస్‌పోర్టుతో గల్ఫ్‌కి నర్సుగా రావాలంటే, ఈసీఆర్ జాబితాలో (వెళ్లేముందు మన ప్రభుత్వ క్లియరెన్స్ కావాల్సిన దేశాల జాబితా) ఉన్న దేశాలకి 2015 నుంచి ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైటు ద్వారా క్లియరెన్స్ తప్పనిసరి, అదీ ప్రభుత్వం అనుమతించిన ఏజెన్సీల ద్వారానే. మన రాష్ట్రంలో ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థ ఉంది. విజిట్ వీసా మీద వచ్చేయ్, ఇక్కడికొచ్చాక మారుద్దాం అని ఎవరన్నా అంటే, సొంత వదినైనా సరే, వద్దని చెప్పండి.

జీఎన్‌ఎం మీదే వచ్చినవాళ్లు మా వార్డులో చాలామంది ఉన్నారు. డిగ్రీ ఉంటే మేలే, కానీ అది లేకుండా తలుపులన్నీ మూసేసి ఉంటాయని అనుకోవద్దు.

న్యూజెర్సీలో ఉన్న అమలాపురం ఆడపడుచు

అమెరికాలో ఆన్‌లైన్ నర్సింగ్ డిగ్రీలు నిజంగానే ఉన్నాయి. ఆ ఏజెంట్లు "అమెరికాలోనే ఆన్‌లైన్‌లో ఇస్తుంటే ఇక్కడెందుకు చెల్లదు" అని అంటుంటారు, మా పిన్నిగారమ్మాయికి అచ్చం అలాగే చెప్పారు. అందుకని ఇక్కడి లెక్క రాస్తున్నాను.

ఇక్కడ ఎక్కువగా ఆన్‌లైన్‌లో ఇచ్చేది ఆర్ఎన్ టు బీఎస్ఎన్. అంటే అప్పటికే ఎన్‌క్లెక్స్ (ఇక్కడి నర్సింగ్ లైసెన్సు పరీక్ష) రాసి ఆర్ఎన్ లైసెన్సుతో పనిచేస్తున్న నర్సు, పైన డిగ్రీ కోసం చదివేది. చేరేటప్పుడే అమెరికా లైసెన్సు నంబరు అడుగుతారు కాబట్టి రాజోల్లో కూర్చుని అందులో చేరడం కుదరదు. అందులో కూడా చాలా కోర్సులకి కమ్యూనిటీ హెల్త్ లాంటి ప్రాక్టికం ఉంటుంది, మనం ఉండే ఊరి దగ్గరే ఒక చోటు చూసుకుని చేయాలి. కొత్తగా నర్సు అయ్యేవాళ్ల కోర్సులో థియరీ కొంత ఆన్‌లైన్‌లో ఉన్నా క్లినికల్స్ మాత్రం ఆసుపత్రిలో మనిషి నిలబడి చేయాల్సిందే.

అమెరికాలో ఉండి ఇది చదువుతున్న మనవాళ్లు ఎవరన్నా ఉంటే, చూసుకోవాల్సినవి రెండు గుర్తింపులు, యూనివర్సిటీకి ఒకటి, నర్సింగ్ కోర్సుకి విడిగా ఒకటి. నర్సింగ్ కోర్సులకి గుర్తింపు ఇచ్చే సీసీఎన్ఈ లేదా ఏసీఈఎన్ నుంచి గుర్తింపు ఉందా అని చూడాలి, రెండు సంస్థల వెబ్‌సైట్లలోనూ కోర్సుల జాబితా ఉంటుంది, కాలేజీ బ్రోషర్ పక్కన పెట్టి అక్కడే వెతకాలి. ఏసీఈఎన్‌లో "క్యాండిడసీ" అని, సీసీఎన్ఈలో "న్యూ అప్లికెంట్" అని కనిపిస్తే గుర్తింపు ఇంకా రాలేదని అర్థం, వచ్చేసిందన్నట్టు మాట్లాడే అడ్మిషన్లవాళ్లు ఉంటారు. వినడానికి గొప్పగా ఉండే పేర్లతో దొంగ అక్రెడిటేషన్ సంస్థలు కూడా ఉన్నాయి, అందుకే అమెరికా విద్యాశాఖ పెట్టిన డేటాబేసులో కూడా ఒకసారి సరిచూసుకోవాలి. మనం ఉండే రాష్ట్రంలో ఉన్నవాళ్లని చేర్చుకునే అనుమతి ఆ కాలేజీకి ఉందో లేదో కూడా ముందే అడగాలి, సగం చదివాక తెలిస్తే డబ్బూ పోతుంది, కాలమూ పోతుంది.

2023 జనవరిలో ఇక్కడ ఫ్లోరిడాలో ఒక పెద్ద కేసు బయటపడింది, ఆపరేషన్ నైటింగేల్ అన్నారు. మూడు నర్సింగ్ స్కూళ్ల పేరుతో 7,600 పైగా దొంగ డిప్లొమాలు, ట్రాన్స్‌క్రిప్టులు అమ్మారని తేలింది. కొన్నవాళ్లలో ఎన్‌క్లెక్స్ పాసై వార్డుల్లో పనిచేస్తున్నవాళ్లూ ఉన్నారు. ఆ తర్వాత రాష్ట్రాల బోర్డులు లైసెన్సులు వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టాయి. పరీక్ష పాసయ్యారు కదా అని ఎవరూ వదల్లేదు.

రాజోలు చెల్లికి ఒక్క సలహా. రేపు ఎప్పుడైనా ఇటు రావాలనుకుంటే ఇక్కడి బోర్డులు నీ జీఎన్‌ఎం ట్రాన్స్‌క్రిప్టులో మెడికల్, సర్జికల్, ప్రసూతి, పిల్లలు, సైకియాట్రీ, ఒక్కోదానికి థియరీ ఎన్ని గంటలు, క్లినికల్ ఎన్ని గంటలు అని విడదీసి చూస్తాయి. నీ స్కూల్ నుంచి ఆ గంటల పట్టిక ఇప్పుడే తెచ్చి పెట్టుకో. చిన్న స్కూళ్లు మూతపడితే ఆ కాగితం కోసం ఎన్ని ఆఫీసులు తిరగాలో నాకు తెలుసు.

కోటిపల్లి బ్రదర్

అక్కలు అన్నీ చెప్పేశారు. నేను మేల్ నర్సుని, జీఎన్‌ఎంతోనే ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నాను, కాబట్టి వేరే వైపు నుంచి ఒక మాట. అక్కా, మీకు కావాల్సింది డిగ్రీనా, మంచి జీతం ఉన్న స్థిరమైన ఉద్యోగమా? రెండూ కావాలంటారు, తప్పులేదు, కానీ ఏది ముందు అన్నది తేల్చుకోండి.

ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకి నార్‌సెట్ అని పరీక్ష ఉంది. దానికి బీఎస్సీవాళ్లే కాదు, జీఎన్‌ఎం చేసి కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా రాయొచ్చు. మన మంగళగిరి ఎయిమ్స్ కూడా అందులోదే. పోస్టుల్లో ఎక్కువ భాగం ఆడవాళ్లకే. పోటీ గట్టిగా ఉంటుంది, దేశం మొత్తం రాస్తుంది, కానీ ఐసీయూలో పనిచేసినవాళ్లకి సగం సిలబస్ చేతుల్లోనే ఉంటుంది. రాష్ట్రంలో స్టాఫ్‌నర్స్ నోటిఫికేషన్లకి కూడా జీఎన్‌ఎం పనికొస్తుంది. వయసు పరిమితి ఒకటి చూసుకోండి, డిగ్రీ డిగ్రీ అని తిరుగుతుంటే అది దాటిపోతుంది.

టీచింగ్ వైపు, ఎమ్మెస్సీ వైపు వెళ్లాలంటే మాత్రం పోస్ట్ బేసిక్ తప్పదు, అప్పుడు ఇగ్నోనే మీకు సరైంది అని నా అభిప్రాయం. ప్రవేశ పరీక్షకి చదివింది నార్‌సెట్‌కీ పనికొస్తుంది, రెండూ ఒకే పుస్తకాలు. నేను కోటిపల్లి రేవులో పంటు కోసం ఆగినప్పుడల్లా ఫోన్లో పాత ప్రశ్నలు చేసేవాడిని, ఆ కాస్త సమయమే చాలా పనికొచ్చింది.

రాజోలు స్టాఫ్‌నర్స్

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. ఈరోజు డ్యూటీ అయ్యాక ఆ ఏజెంటుకి ఫోన్ చేసి, ఈ కోర్సుకి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఇచ్చిన లెటర్ పంపమన్నాను. ముందు పంపిస్తానన్నాడు, తర్వాత యూజీసీ ఉంటే కౌన్సిల్ అక్కర్లేదన్నాడు, గట్టిగా అడిగేసరికి "మీకు ఇష్టం లేకపోతే మానేయండి, సీట్లు అయిపోతున్నాయి" అని పెట్టేశాడు. మా స్టాఫ్‌లో ఇద్దరు అప్పటికే ఒరిజినల్స్ ఇచ్చేశారటండి. వాళ్లేం చేయాలి?

ఇంకోటి, కోటిపల్లి తమ్ముడూ, మాది చిన్న ఆసుపత్రి, 50 పడకలు లేవు. అంతకుముందు భీమవరంలో పెద్ద ఆసుపత్రిలో చేశాను, అది లెక్కకి వస్తుందా?

కాకినాడ ట్యూటరక్క

ఒరిజినల్స్ ఇచ్చినవాళ్లు రేపే వెళ్లి అడగాలి, ఒంటరిగా కాదు, ఇంట్లో పెద్దవాళ్లని వెంటబెట్టుకుని. ఫీజు కడితేనే ఇస్తానంటే అక్కడ గొడవ పెట్టుకోకుండా సరాసరి స్టేషన్‌కి వెళ్లి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వమను. వాట్సాప్‌లో అతను పంపిన మెసేజులు, కాగితాల ఫొటోలు, డబ్బు పంపి ఉంటే ఆ ఫోన్‌పే రసీదులు ఒక్కటీ చెరపొద్దు. అతను చెప్పిన యూనివర్సిటీ రిజిస్ట్రారుకి కూడా ఒక మెయిల్ పెట్టమను, తమ పేరు మీద ఇలా జరుగుతోందని వాళ్లకి తెలియకపోయినా తెలియాలి. సర్టిఫికెట్లు తిరిగొచ్చాక కౌన్సిల్లో తమ రిజిస్ట్రేషన్ వివరాలు సరిగ్గా ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోమను, ఎవరి చేతుల్లోకి వెళ్లొచ్చాయో మనకి తెలియదు.

మెసేజులు ఈ రాత్రే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోమను. సంగతి బయటికి వస్తే అతను అటువైపు నుంచి చెరిపేస్తాడు.

కోటిపల్లి బ్రదర్

పాత అనుభవం లెక్కకి వస్తుందక్కా, జీఎన్‌ఎం రిజిస్ట్రేషన్ అయ్యాక చేసింది అయితే చాలు. భీమవరం ఆసుపత్రి నుంచి అనుభవ ధృవపత్రం తెచ్చుకోండి. చేరిన తేదీ, మానేసిన తేదీ, మీ హోదా, ఏ వార్డు, ఆసుపత్రిలో ఎన్ని పడకలు, అన్నీ లెటర్‌హెడ్ మీద ఉండాలి, సంతకం, స్టాంపు స్పష్టంగా ఉండాలి. పడకల సంఖ్య రాయించుకోవడం చాలామంది మర్చిపోతారు, వెరిఫికేషన్ రోజు అక్కడే ఆపుతారు. జీతం బ్యాంకు ద్వారా వచ్చి ఉంటే ఆ స్టేట్‌మెంట్ కూడా తీసి పెట్టుకోండి. మీకు సెలవు దొరకకపోతే చెప్పండి, వచ్చే వారం నేను భీమవరం వెళ్తున్నాను, ఆ ఆఫీసులో ఎవరిని కలవాలో కనుక్కుని చెబుతాను.